నెట్టా సంచిలో పద్నాలుగో కర్ర

పోయిన వసంతంలో నెట్టా కార్గిల్ చనిపోయింది. ఎనభై ఒకటో ఏడు. చర్చిలో పాస్టరుగారు ఆమె గురించి పది నిమిషాలు మాట్లాడారు. బడి వంట, మనవలు, ఊళ్లో సగం మందికి అల్లిచ్చిన స్వెట్టర్లు, అన్నీ చెప్పారు. గోల్ఫ్ మాట మాత్రం ఎత్తలేదు. మా క్రెయిగ్‌హేవెన్‌లో గోల్ఫ్ మాట ఎత్తకుండా మనిషిని సాగనంపడం నేనెప్పుడూ చూడలేదు. మాలో ఆట రాని సన్నాసికి కూడా పాస్టరుగారు ఒక మంచి దెబ్బ కల్పించి చెబుతారు. నెట్టాకి ఎందుకు చెప్పలేదో అక్కడున్న అందరికీ తెలుసు. అందరికీ తెలిసింది తప్పని నాకొక్కడికే తెలుసు. మూడో వరుసలో కూర్చుని నా బూట్లు చూసుకుంటూ ఉండిపోయాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. అలా పోయేదే అయితే ఇన్నేళ్లు ఎందుకు దాచుకుంటాను? పోకపోయినా సరే, చెబుతాను.

నా పేరు హెక్టర్ లోరిమర్, ఊళ్లో అందరికీ హెకీ. ముప్పై నాలుగేళ్లు ఈ ఊళ్లో ఉత్తరాలు పంచాను. పదకొండుకల్లా పని అయిపోయేది. మిగతా రోజంతా పెరట్లో షెడ్డులో గోల్ఫ్ కర్రలు తయారు చేసేవాణ్ణి. తయారంటే ఇనుము కరిగించి కాదు. తైవాన్‌లో పోతపోసిన తలలు ఇంగ్లండులో ఒక డీలరు దగ్గర్నుంచి తెప్పించి, ఉక్కు కాడ కొలతకి కోసి, జిగురు పెట్టి బిగించి, రబ్బరు పట్టు తొడగడం. చూడ్డానికి పెద్ద కంపెనీ కర్రలాగే ఉంటుంది. ధర నాలుగో వంతు. పేరూ ఇంచుమించు అదే. అసలుది టార్విన్, నాది టార్విక్. దొంగతనమా అంటే కాదు, మర్యాదా అంటే అదీ కాదు.

నెట్టా నాకంటే ఆరేళ్లు పెద్దది. ఇద్దరం సీగేట్ వీధిలో పుట్టాం. ఆ వీధి ఇళ్ల వెనక గోడ దూకితే గోల్ఫ్ మైదానమే. అది ఊరిది. డాక్టరైనా, పడవ మీద పీతలు పట్టేవాడైనా ఏడాదికి ఒకటే రుసుము కట్టి ఆడతాడు. కాకపోతే మగవాళ్ల క్లబ్బుకి రాతి మేడ ఉంది, ఆడవాళ్లకి దాని వెనకాల చెక్క గది. నెట్టా పదకొండో ఏట వాళ్ల నాన్న విరిగిన కర్రని పొట్టిగా కోయించుకుని మొదలుపెట్టింది. నేర్పినవాడు లేడు. పెద్ద గుండిగలో అడుగంటకుండా గరిటె తిప్పినట్టు ఉండేది ఆమె దెబ్బ. బడి వంటగదిలో ఇరవై తొమ్మిదేళ్లు అదే తిప్పింది కదా, రెండూ కలిసిపోయాయేమో. బంతి మాత్రం గీత గీసినట్టు పోయేది.

మా తీరంలో ఏటా జూలైలో ఆరు ఊళ్ల ఆడవాళ్ల కప్పు జరుగుతుంది. ఒకే శనివారం పొద్దున ఒక ఆట, మధ్యాహ్నం ఒక ఆట, రెండూ కలిపి ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తే వాళ్లది. నెట్టా నాలుగుసార్లు రెండో స్థానంలో వచ్చింది. నాలుగుసార్లూ గెలిచినవాళ్లకి తనే టీ కలిపి ఇచ్చింది. తొంభై ఏడులో ఆమెకి యాభై నాలుగు. వేళ్ల కణుపులు వాచిపోతున్నాయి. డాక్టరు ఇంకో రెండేళ్లు ఆడగలవేమో అన్నాడు. ఆ ఏడు కప్పు మా ఊళ్లోనే, ఆమె పుట్టి పెరిగిన మైదానంలోనే. ఈసారి రాకపోతే ఇక రాదని ఆమెకీ తెలుసు, ఊరికీ తెలుసు.

అప్పటిదాకా ఆమె సంచిలో తొమ్మిది కర్రలుండేవి, ఏ రెండూ ఒక జాతివి కావు. నాన్నదొకటి, చచ్చిపోయిన పిన్నిదొకటి, సంతలో దొరికినవి కొన్ని. ఆ మార్చిలో కొత్త సెట్టు కొంటానంది. ఆమె మొగుడు లాకీ, మాట తక్కువ మనిషి, "ఈ ఒక్కసారీ నీకు నచ్చింది కొనుక్కో, ధర చూడకు" అన్నాడట. పెళ్లయ్యాక వాడు అన్ని మాటలు ఒకేసారి అనడం అదే మొదలని నెట్టా ఊరంతా చెప్పుకుంది.

మైదానం పక్కనే గెడ్డీస్ దుకాణం. క్లబ్బు తరఫున ఆట నేర్పేవాడూ అతనే, కర్రలు అమ్మేవాడూ అతనే. నేను ఉత్తరాలు ఇవ్వడానికి వెళ్లేసరికి నెట్టా అక్కడ ఒక టార్విన్ కర్ర పట్టుకుని, తివాచీ మీద లేని బంతి వెనక దాన్ని ఆనించి చూస్తోంది. చూస్తోందనడం తక్కువ. పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుంది.

"ఎలా ఉంది నెట్టా?" అన్నాడు గెడ్డీస్.

"బావుండక చస్తుందా, ఆ ధరకి!"

"మంచి సరుక్కి మంచి ధర. కాదంటే ఇదిగో, మన హెకీ ఉన్నాడుగా. తన కర్రలకి స్టాంపు అంటించి పోస్టులో కూడా పంపిస్తాడు. తల ఒక రోజు, కాడ ఒక రోజు వస్తాయి."

కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం సెగ తగిలినట్టయింది. పదిహేనేళ్లుగా నా కర్రలతో ఊళ్లో అరవై మంది ఆడుతున్నారు, గెడ్డీస్ ఒక్కసారి కూడా నా పని చేత్తో పట్టుకుని చూడలేదు.

ఆ మధ్యాహ్నమే నెట్టా నా షెడ్డుకి వచ్చింది. బడి వంటగది నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఒంటిమీద కస్టర్డు వాసన.

"ఒరేయ్ హెకీ, అబద్ధం చెప్పకు. తేడా ఏంటి?"

"దేనికీ దేనికీ?"

"వేషాలొద్దు. గెడ్డీస్ దగ్గరదానికీ నీదానికీ."

"అక్షరాలు."

"అంతేనా?"

"టీవీలో వాడు వేసే ప్రకటనల ఖర్చు నువ్వు కడతావు. ఇనుము ఇనుమే కదా నెట్టా."

ఆమె బల్ల మీదున్న ఒక తలని బొటనవేలితో రుద్దింది. "నాకు నిజంగా అదే కావాలని ఉందిరా. పిచ్చి అనుకో. పుట్టి బుద్ధెరిగాక ఒక్క కొత్త కర్ర పట్టలేదు నేను."

అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటే. కొనుక్కో నెట్టా, అనాలి. తేడా అక్షరాలే కాదని నాకు తెలుసు. పెద్ద కంపెనీవాడు ప్రతి తలనీ కొలిచి పంపుతాడు. నాకొచ్చేవాటిని ఎవరూ కొలవరు. పదింటిలో ఒకటో రెండో ఎక్కడో తేడా పడేవి. బరువు తేడా అయితే నేనే సరిచేసేవాణ్ణి. మిగతావి నా కంటికి అందేవి కాదు. అదంతా మింగేసి, "నీ ఇష్టం. కానీ నీలాంటిది నా కర్రలతో కప్పు కొడితే, ఆ గెడ్డీస్ మొహం ఎలా ఉంటుందో చూడాలి" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "అంటే నా గెలుపు కంటే నీకు వాడి మొహమే ముఖ్యం!"

"అవును."

"పోనీలే, ఒప్పుకున్నావు. చెయ్యి అయితే."

ఆమెకి టార్విన్ కావాలి. నా మొహం చూసి టార్విక్ తీసుకుంది. ఊళ్లోవాళ్లు తర్వాత అన్నట్టు పిసినారితనం కాదది.

మూడు వారాలు ఆ సెట్టు మీద కూర్చున్నాను. ఆమె చేతికి తగ్గట్టు కాడలు అరంగుళం కోశాను. వాచిన వేళ్లకి నొప్పి పుట్టకుండా పట్టుల కింద రెండు చుట్లు ఎక్కువ పట్టీ చుట్టాను. సంచిలో పద్నాలుగు కర్రలకి మించి ఉండకూడదని నియమం. చివర్న, పద్నాలుగోదిగా, వెడ్జి చేశాను. ఇసుక గోతుల్లో పడ్డ బంతిని పైకి లేపే ఏటవాలు కర్ర అది. దాని తల బల్ల మీద మెరుస్తుంటే నాకే ముద్దొచ్చింది. నా చేతులతో అంతకంటే మంచి సెట్టు అంతకుముందూ చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో నెట్టా ఆడిన ఆట చూడ్డానికి మగవాళ్లు మేడ దిగి వచ్చారు.

కప్పు రోజున ఆమె సంచి మోయడం నా వంతు. ఆ రోజుకి సెలవు పెట్టుకున్నాను. కానీ అలవాటు ఊరుకోదు. ఆరింటికే పోస్టాఫీసుకి వెళ్లి నా ఉత్తరాలు నేనే ఏరుకున్నాను. అందులో ఇంగ్లండు డీలరు దగ్గర్నుంచి ఒక కవరు ఉంది. అక్కడే నిలబడి చించాను.

"ఫిబ్రవరిలో మీకు పంపిన వెడ్జి తలల మీద గీతలు నియమం ఒప్పుకునేదానికంటే దగ్గరగా పడ్డాయని గుర్తించాం. దయచేసి వాటిని పోటీల్లో వాడవద్దు. తిప్పి పంపితే మార్చి ఇస్తాం."

అంతే ఉత్తరం. గీతలు దగ్గరైతే బంతి కర్రని ఎక్కువ పట్టుకుంటుంది, పడ్డచోట ఆగిపోతుంది. అలాంటి కర్ర సంచిలో ఊరికే ఉన్నా జరిమానా. దాంతో ఒక్క దెబ్బ కొడితే పోటీ నుంచే బయటికి. ఆ విడతలో తలలు నేను మూడు కొన్నాను. రెండు అరమరలోనే ఉన్నాయి. మూడోది నెట్టా సంచిలో ఉంది.

ఎనిమిదింటికి మొదటి గుంట దగ్గరికి వెళ్లాను. ఉత్తరం లోపలి జేబులో ఉంది. చెప్పడానికే వెళ్లానని ఇప్పటికీ అనుకుంటాను. గోడ దూకితే నెట్టా ఇల్లు. ఆమె పాత వెడ్జి వంటింటి తలుపు వెనకే ఆనించి ఉంటుంది. లాకీని కేకేస్తే రెండు నిమిషాల్లో తెచ్చేవాడు. ఒక్క మాట చాలు. కానీ పేర్లు పిలిచేవాడు గెడ్డీస్. చేతిలో కాగితం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "ఏం హెకీ, జిగురు ఆరిందా?" అన్నాడు. జనం నవ్వారు. వాళ్లందరి ముందు ఆ సంచిలోంచి నా కర్ర నేనే తీసి, ఇది పనికిరాదని చెప్పాలి. సంచి తీసి భుజానికి తగిలించుకున్నాను.

"ఏంట్రా, పాలిపోయావు? ఆడేది నేనా నువ్వా?" అంది నెట్టా.

"నిద్ర లేదు" అన్నాను.

నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. వానలు లేక నేల గట్టిగా ఉంది. ఇలాంటప్పుడు నెట్టా బంతిని నేలబారుగా దొర్లిస్తుంది, వెడ్జి ముట్టుకోదు. ముట్టుకోబోయినా నేను మాట మారుస్తాను. భోజనాల వేళ గుట్టుచప్పుడు కాకుండా కర్ర మార్చేస్తాను. దొంగ బుద్ధికి ఎప్పుడూ భోజనాల వేళే గుర్తొస్తుంది.

ఆరో గుంట దగ్గర బంతి వెళ్లి ఇసుక గోతిలో పడింది. మా మైదానంలో అదే లోతైన గొయ్యి. ముందుగోడ నా భుజాల దాకా వస్తుంది. నెట్టా లోపలికి దిగి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపింది.

"వెడ్జి."

"తొమ్మిదో నంబరు కర్రతో పక్కకి కొట్టేస్తే..."

"మతి పోయిందా నీకు? పక్కకి కొడితే ఒక దెబ్బ దండగ. ఇవ్వు."

"నెట్టా..."

"ఇవ్వరా!"

ఇచ్చాను. ఆమె లాక్కోలేదు. నేనే సంచిలోంచి తీసి, ఆ వాచిన వేళ్ల మధ్య పెట్టాను. ఇసుక లేచింది. బంతి గోడ మీదుగా ఎగిరి, జెండా పక్కన పడి, మేకు కొట్టినట్టు అక్కడే ఆగింది. చుట్టూ చప్పట్లు. నెట్టా పైకెక్కి వచ్చి కర్ర తలని ముద్దు పెట్టుకుంది.

"చూశావా నీ టార్విక్‌ని! ఏ కంపెనీవాడు చేస్తాడ్రా ఇలాంటిది!"

కుడితిలో పడ్డ ఎలుక అంటారే, ఆ ఎలుకకి నా కంటే నిమ్మళం.

ఇక అప్పుడు చెబితే ఆమె ఆట అక్కడితో సరి. చెప్పకపోతే? మధ్యాహ్నం అందరూ చెక్క గదిలో సూపు తాగుతుంటే, నేను దొడ్డి గోడ దగ్గర నిలబడి నియమాల పుస్తకం తిరగేశాను. అందులో ఒక ముక్క ఉంది. కప్పు చేతికిచ్చి పోటీ ముగిసిందన్నాక, పాత తప్పు ఏదైనా బయటపడితే, ఆటగాడికి అది ముందే తెలిసి ఉంటేనే శిక్ష. తెలియకపోతే ఫలితం మారదు. నాలుగుసార్లు చదివాను. నెట్టాకి తెలియదు. కర్ర మారిస్తే ఎందుకని అడుగుతుంది. సాయంత్రం దాకా తెలియకుండా చూస్తే చాలు, కప్పు ఆమెదే. దాచడమే ఆమెకి మేలు చేయడం అనిపించింది. నా పిరికితనానికి ఒక మంచి చొక్కా దొరికింది.

పొద్దుటి ఆట ముగిసేసరికి నెట్టా, మోరాగ్ పెట్రీ అనే పక్కూరి అమ్మాయి సమానంగా ఉన్నారు. మోరాగ్‌కి ఇరవై ఆరు. బ్యాంకులో గుమాస్తా. చక్కని టార్విన్ సెట్టు, అన్నీ కొత్తవే. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి నడుస్తూ ఎవరి ఆట వాళ్లు ఆడారు. సముద్రం మీంచి పొగమంచు వచ్చి సగం మైదానాన్ని మింగేసింది. చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా చాలామంది ఇళ్లకి పోయారు. వెడ్జి అడక్కుండా ఉంటే బావుండునని ప్రతి గుంట దగ్గరా దేవుణ్ణి వేడుకున్నాను. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఇచ్చాను.

పదిహేనో గుంట దగ్గర నెట్టా ఒక దెబ్బ ముందుంది. బంతి పొడుగు గడ్డిలో పడింది. ఆమె దాని వెనక కర్ర ఆనించి, ఒక్క క్షణం ఆగి, కర్ర తీసేసి, చెయ్యెత్తింది.

"మోరాగ్, నా బంతి కదిలిందమ్మా. నాకు ఒక దెబ్బ కలుపు."

మోరాగ్ అవతలి పక్కనుంచి పరిగెత్తుకొచ్చింది. "నేను చూడలేదు మిసెస్ కార్గిల్. గాలికి కదిలిందేమో?"

"గాలెక్కడుంది ఈ మంచులో? నా కర్రే తగిలింది."

"హెకీ, మీరు చూశారా?"

నేనూ చూడలేదు. ఎవరూ చూడలేదు. గడ్డి మధ్యలో, మంచు మాటున, ఒక బంతి గింజంత పక్కకి దొర్లింది. ఆ గింజంత కోసం నెట్టా ముప్పై ఏళ్లుగా కోరుకున్న కప్పుని సమానం చేసి పడేసింది. మా దగ్గర అందులో గొప్పేమీ లేదు. అలా చెయ్యకపోతేనే వింత. తన తప్పు తనే చెప్పుకోవడం ఆటలో భాగం. పదేళ్లకే నేర్పుతారు. నాకూ నేర్పారు. నా జేబులో ఉత్తరం ఉంది.

చివరి గుంట దగ్గర మోరాగ్ మూరెడు దూరం నుంచి కొట్టిన బంతి గుంట పక్కగా పోయింది. నెట్టాది లోపల పడింది. ఒక్క దెబ్బతో గెలిచింది. మోరాగ్ ఏడుస్తూనే ఆమెని కావలించుకుంది. లాకీ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు.

కప్పు అందుకుని నెట్టా రెండు ముక్కలు మాట్లాడింది. "ఈ కర్రలు మా హెకీ షెడ్డులో పుట్టాయి. స్టాంపు అంటించి పంపించాడు. గెడ్డీస్ గారూ, ఏ ముక్కా దారిలో తప్పిపోలేదండీ!" గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా గెడ్డీసే నవ్వి, ఆ మందిలోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "నీ పని బావుంది హెకీ" అన్నాడు. నేను చూడాలనుకున్న మొహం అదే. చూడలేక తల దించుకున్నాను.

ఆ వారంలో పదకొండు మంది నా దగ్గర సెట్లకి చెప్పారు. ఒక్కటీ మొదలుపెట్టలేదు. తొమ్మిదో రోజు నెట్టా షెడ్డుకొచ్చింది.

"హెకీ, బోర్డు మీద బంగారు అక్షరాలతో పేరు రాయడానికి మనిషి వస్తున్నాడట వచ్చే సోమవారం. అసలు పేరు జానెట్ అని రాయించనా, నెట్టా అనా? మా అమ్మ బతికుంటే జానెట్ అనేది. లాకీనడిగితే భుజాలెగరేశాడు. నువ్వు చెప్పు."

నేను సొరుగు తీసి ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది. రెండోసారి చదివింది.

"ఇదెప్పుడొచ్చింది?"

"శనివారం పొద్దున."

"ఏ శనివారం?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మాటలన్నీ ఒక్కసారిగా నా నోట్లోంచి దొర్లిపోయాయి. నీకు తెలియదు కదా నెట్టా, నియమం ప్రకారం కప్పు నీదే, పుస్తకంలో చూశాను, ఇక ఎవరూ నిన్నేమీ అనలేరు, అన్నాను.

"నీకు తెలుసుగా."

"నాకు తెలిస్తే ఏంటి? ఆడింది నువ్వు."

"సంచి ఎవడు మోశాడ్రా?"

నేను తెరిచిన సొరుగు మూశాను.

"సంచి మోసేవాడు తప్పు చేస్తే ఆటగాడు చేసినట్టే. పుస్తకంలో ఆ ముక్క కనబడలేదా నీకు? నీకు తెలిస్తే నాకు తెలిసినట్టేరా హెకీ."

నాలుగుసార్లు చదివిన పుస్తకంలో నేను అందరినీ వెతికాను, నన్ను తప్ప. నెట్టా చాలాసేపు కిటికీలోంచి మైదానం వైపు చూసింది. కోపం వస్తుందని చూశాను. వస్తే బావుండేది.

"గోడ అవతల నా పాత వెడ్జి ఉంది" అంది చివరికి. "ఒక్క మాట చెప్పి ఉంటే దాంతోనే ఆడేదాన్ని. గెలిచేదాన్నేమో. ఓడేదాన్నేమో. ఆ సంగతి ఇక నాకు ఎప్పటికీ తెలీదు కదా."

ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్ల మగాణ్ణి, ఉక్కు రజనులో కూర్చుని ఏడ్చాను. ఆమె లేచి ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది. "ఇది పొయ్యిలో పారెయ్" అని వెళ్లిపోయింది.

పారెయ్యలేదు. గురువారం సాయంత్రం ఆడవాళ్ల కమిటీ చెక్క గదిలో కూర్చుందనీ, నెట్టా కప్పు సంచిలో పెట్టుకుని వెళ్లిందనీ తెలిసి, ఉత్తరం జేబులో వేసుకుని వెనకాలే వెళ్లాను. అంతా చెప్పేద్దామనే వెళ్లాను. కోట్లు తగిలించే నడవాలో నిలబడ్డాను. తలుపు ఓరగా ఉంది. కమిటీ పెద్ద మిసెస్ మాంకర్ గొంతు వినిపిస్తోంది. మంచి మనిషే.

"తొందరపడకు నెట్టా. కర్ర సరైంది కాదు, ఒప్పుకున్నాం. అది నీకు ఎప్పుడు తెలిసింది? అదొక్కటే మాకు కావాలి. పోటీ ముగిశాక తెలిస్తే మేం ఏమీ చేయం. కప్పు నీదే. ఇంటికి పట్టుకుపో."

నెట్టా కప్పు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"మొదటి దెబ్బ కొట్టకముందే తెలుసండీ."

"ఏమిటీ?"

"ముందే తెలుసు."

"తెలిసే ఆడావా? నువ్వా?"

"అలాగే రాసుకోండి మిసెస్ మాంకర్. మోరాగ్‌కి కప్పు నేనే పట్టుకెళ్లి ఇస్తాను."

ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. ఎవరో "అయ్యో నెట్టా" అన్నారు. నియమం ప్రకారం ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆ గదిలో అర్థమైంది మాత్రం వేరు. ఆ తలుపుకి గడియ లేదు. వేలితో తోస్తే తెరుచుకుంటుంది. లోపలికెళ్లి ఉత్తరం బల్ల మీద పెట్టి, తెలిసింది నాకు, ఆమెకి కాదు, అనాలి. పదకొండు మంది సెట్లకి చెప్పారు. గెడ్డీస్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. వీధి వీధి తిరిగి తలుపులు తట్టే ఉద్యోగం నాది. నిలబడ్డచోటే నిలబడ్డాను.

నెట్టా బయటికొచ్చి నన్ను చూసింది.

"నువ్వెందుకొచ్చావు?"

"చెబుదామని."

"చెప్పావా?"

"లేదు."

తలగుడ్డ ముడేసుకుంది. "తప్పుకో. లాకీ భోజనానికి కూర్చుని ఉంటాడు."

ఆమెని రెండేళ్లు పోటీలకి రాకుండా ఆపేశారు. ఆ రెండేళ్లలో వేళ్లు పూర్తిగా ముడుచుకుపోయాయి. బోర్డు మీద మోరాగ్ పెట్రీ పేరు రాశారు. పోటీ నుంచి తీసేసినవాళ్ల పేరు లెక్కల్లో ఎక్కడా ఉండదు, ఆ రోజు ఆడనట్టే. ఊళ్లోవాళ్లు మొదట్లో నమ్మలేదు. తర్వాత నమ్మడం మొదలుపెట్టారు. నమ్మాక, నాకు ముందే అనుమానం ఉందన్నవాళ్లు కూడా బయల్దేరారు.

ఆ ఆగస్టులో ఒక శనివారం కసాయి కొట్టు దగ్గర వరుసలో నిలబడ్డాను. ముందున్న ముసలాయన కొట్టువాడితో, "చవక కర్రలు కొన్నప్పుడే తెలియాలి, చవక బుద్ధని" అంటున్నాడు. నా వెనక తలుపు గంట మోగింది. తిరిగి చూస్తే నెట్టా, చేతిలో బుట్ట. ముసలాయన చూసుకోలేదు. కొట్టువాడూ చూసుకోలేదు. కత్తి నూరుకుంటూ నా వైపు తిరిగాడు.

"నువ్వే కదా హెకీ ఆ రోజు సంచి మోసింది? నిజం చెప్పు, నీకేమీ తెలీలేదా?"

నెట్టా నన్నే చూస్తోంది. కోపంగా కాదు. బడిలో పళ్లెం పట్టుకుని వచ్చిన పిల్లాడు నోరు తెరిచి అడిగేదాకా ఆగేదే, అలా ఆగింది.

"నాకేం తెలుసు?" అన్నాను.

కొట్టువాడు తలాడించి, నేనడిగిన సాసేజీలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. తీసుకుని తలుపు దగ్గరికి వచ్చేశాను. వెనక నెట్టా ఒక అడుగు ముందుకి జరిగి, లాకీకి కొవ్వు పడదు, ఒక పౌండు కీమా చూసి ఇవ్వమని అడుగుతోంది.